ఉప్పు పాఠం

మా బడిలో సూక్ష్మదర్శిని ఒక్కటే.
దాని అద్దం మీద ఓ మూల గీత.
ఏం చూసినా ఆ గీత కూడా కనిపిస్తుంది,
పిల్లలు ముందు దాన్నే బొమ్మ వేస్తారు.

తొమ్మిదో తరగతి, ముప్పై ఒక్క మంది.
ఎర్ర ఉల్లిపాయ పొర గోటితో లాగి
గాజుపలక మీద పరిచాను.
నల్లబల్ల మీద 'కణం' అని రాసేలోపు
సుద్దముక్క విరిగింది.

ఉల్లి కణానికి గోడ ఉంది, చెప్పాను.
మీ బుగ్గ లోపలి కణానికి గోడ లేదు, పొర ఒక్కటే.
అందుకే మీరు నవ్వగలరు, ఉల్లిపాయ నవ్వలేదు.
ఎర్ర రక్తకణం మోతపనిలో పడి
కేంద్రకాన్ని కూడా దించేసుకుంది.
నరాల కణం ఒక్కటే
నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా
తెగని దారంలా సాగుతుంది.

పొర గురించి చెప్పడమే కష్టం.
రెండు వరుసల కొవ్వు,
తలలు నీళ్ళవైపు, తోకలు లోపలికి.
ప్రాణవాయువు అడక్కుండానే దూరిపోతుంది.
చక్కెరకి చెయ్యిపట్టి దాటించేవాడు కావాలి.
నీళ్ళకి వేరే సందులున్నాయి.
సోడియంని మాత్రం మూడేసి చొప్పున బయటికి గెంటాలి,
పొటాషియంని రెండేసి లోపలికి లాగాలి,
రాత్రీ పగలూ, మీరు నిద్రపోతున్నా సరే.

"మరి జీతం ఎవరిస్తారు?"
వెనక బెంచీలోంచి యెసెన్‌బాయ్.
"నువ్వు పొద్దున తిన్న రొట్టె."

ఇక ఉప్పు కావాలి. బీరువాలో సీసా ఖాళీ.
యెసెన్‌బాయే లేచి
రాత్రి గాలి కిటికీ గట్టు మీద పోసిపోయినదాన్ని
లెక్కల పుస్తకం అట్టతో ఎత్తి తెచ్చాడు.
మా మొయినాక్‌లో ఉప్పుకి కరువు లేదు.
అరల్ సముద్రం వెళ్తూ వెళ్తూ
తన అడుగంతా మా ఇళ్ళమీదికి వదిలింది.

నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఒక్క చుక్క.

ఊదారంగు ముద్ద మూలలు వదిలింది.
గోడ వదిలింది.
వెనక్కి, ఇంకా వెనక్కి,
గది మధ్యలో చిన్న మూటై ముడుచుకుంది.
"చచ్చిపోయిందా?" అంది అయ్‌జమాల్.

పొయ్యి బాగుచెయ్యడానికి వచ్చిన పెర్దెబాయ్ తాత
మసి చేతులు వీపు వెనక దాచుకుని
నేనూ చూడొచ్చా అన్నాడు.
ఇరవై రెండేళ్ళు చేపల పడవ ఇంజను నడిపినవాడు.
ఒక కన్ను మూసి, చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఇది మన రేవే కదా.
గట్టు ఉన్నచోటే ఉంది.
నీళ్ళే."

ఎవరూ నవ్వలేదు.
పంతొమ్మిదేళ్ళుగా ఏటా ఇదే బొమ్మ గీస్తున్నాను,
ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి.
అద్దకం కాగితంతో ఒక పక్క పీలుస్తూ
రెండో పక్క మంచినీళ్ళు వదిలాను.
ముద్దలు కదిలాయి. ఉబ్బాయి.
ఒక్కొక్కటే వెళ్ళి గోడకి ఆనుకున్నాయి.
గీత పక్కనున్నది మాత్రం రాలేదు.
అయ్‌జమాల్ దాన్నీ బొమ్మలో వేసింది.

"ఎంతసేపు ఆలస్యమైతే తిరిగి రాదు?"
అడిగింది పిల్లలు కాదు, తాత.
పుస్తకంలో నిమిషాలు రాసి లేవు.
తెలీదన్నాను.
తలూపి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు,
గొట్టం మీద సుత్తి చప్పుడు
గంట కొట్టేదాకా వినిపించింది.

వచ్చే మంగళవారం సక్సావుల్ కొమ్మ కోస్తాం.
సముద్రం పాత అడుగున వరసలుగా నాటిన పొద అది.
ఉప్పుని బయటికి గెంటదు,
కణం లోపల ఓ గదిలో పెట్టి తాళం వేస్తుంది,
ఆ ఉప్పుతోనే
ఎండిన ఇసుకలోంచి నీళ్ళు గుంజుతుంది.

కొత్త బ్లేడు ఎవరైనా తెమ్మన్నాను.
ఉప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు,
కిటికీ సరిగ్గా మూసుకోదు.